గొట్టపు బావి నీరే త్రాగవలెను

నార్కట్‌పల్లి దగ్గర బస్సు పెద్దరోడ్డు వదిలి నల్లగొండ వైపు తిరగగానే కిటికీ అద్దం జరిపి రెండు గుట్టల కోసం చూడడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఎటు నుంచి వచ్చినా ముందుగా కనిపించేవి ఆ గుట్టలే. ఊరు వాటి కాళ్ళ దగ్గర ముడుచుకొని కూర్చున్నట్టు ఉండేది. ఈసారి ముందు ఫంక్షన్ హాళ్ళు కనిపించాయి, తర్వాత ప్లాట్ల హద్దురాళ్ళు, ఆ తర్వాత దవాఖానల బోర్డులు. గుట్టలు కంటపడేసరికి బస్సు ఊరి నడుమకు వచ్చేసింది. నలభై ఏళ్ళకు పైగా షోలాపూర్‌లో బతికినవాణ్ణి. అక్కడ ఒక తెలుగు అచ్చాఫీసులో మొదట సీసం అక్షరాలు కూర్చాను, తర్వాత ప్రూఫులు దిద్దాను. మధ్యలో నల్లగొండకు రాలేదని కాదు. అమ్మ పోయినప్పుడు వచ్చాను, బాపు పోయినప్పుడు వచ్చాను. కానీ చావుకు వచ్చినవాడు తలవంచుకొని ఇంట్లోకి పోతాడు, తలవంచుకొని తిరిగి వెళ్ళిపోతాడు. ఊరిని చూడడు. చూడకుండా ఉండడానికి నాకు వేరే కారణం కూడా ఉంది. దాన్ని నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

ఈసారి రప్పించింది మా చెల్లె యాదమ్మ ఫోను. “అన్నా, రోడ్డు ఎడల్పు జేస్తున్నరు. ముందటి అర్ర పోతదట. అటుక మీద నీ సందుగ ఉన్నది. పారెయ్యాల్నా, వచ్చి చూసుకుంటవా?” అంది. అటుక మీది సామాన్లన్నీ కిందికి దించాక మిగిలింది నా రేకు సందుగ ఒక్కటేనట. దాంట్లో ఏముందో నాకే గుర్తు లేదు. పారేయమని చెప్పవలసింది. వస్తానని చెప్పాను.

బస్టాండు బయట ఆటో అతను, ముప్పై ఏళ్ళవాడు, “ఏడికి పోవాలె పెద్దసారు?” అన్నాడు.

“సాలెవాడ.”

“సాలెవాడనా? గదేడున్నది?”

“పాత గంజు వెనక. గుట్ట కింద.”

“ఓ, బోరింగు కాడనా? గట్ల చెప్పరాదు.”

ఎక్కి కూర్చున్నాను. మా వైపు బోరింగు అంటే చేతితో పిడి కొట్టి నీళ్ళు తోడుకునే పంపు. “బోరింగు ఇంకా ఉన్నదా బాబూ?” అని అడిగాను.

“బోరింగేంది సారు?”

“నీళ్ళు కొట్టే బోరింగు.”

“నీళ్ళదా?” అని అద్దంలో నా మొహం చూశాడు. “నేను జాగ పేరే గంతేమో అనుకున్న. దినాం పదిమందిని దించుత గాడ. బోరింగునైతే ఎన్నడు చూడలె.”

గడియార స్తంభం దగ్గర దిగిపోయాను, నడిచి వెళ్తానని. అతనికి నేను అర్థం కాలేదు. నాకు మాత్రం అంత తొందరగా ఆ జాగాకు చేరుకోవాలని లేదు. మనిషి పోయినా పేరు ఉండిపోతుందని అంటారు కానీ, ఒక ఇనుప గొట్టం పోయాక కూడా దాని పేరు మీద ఆటోలు ఆగుతాయని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

దారిలో గ్రంథాలయానికి వెళ్ళాను. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నాకు తెలిసినదంతా గ్రంథాలయాలు చెప్పిందే. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, గర్వపడ్డాను. మొదటిది ఈ గ్రంథాలయమే. అప్పుడు లోపలికి అడుగుపెడితే కలరా ఉండల వాసన, తడిసి ఆరిన కాగితం వాసన, మూలన కుండ మీద కప్పిన తడిగుడ్డ వాసన ఒకేసారి తగిలేవి. ముసలివాళ్ళు నిలబడి పేపరు చదువుతూ పెదాలు కదిపేవారు. ఇప్పుడు వరుసగా బల్లల మీద యువకులు, ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. అందరి ముందూ లావుపాటి గైడ్లు, సర్కారు కొలువు పరీక్షలకు. ఎవరూ తలెత్తలేదు. నేను పాత అల్మారా ఉండే చోట నిలబడ్డాను. అక్కడ ఇప్పుడు ఫోన్ల ఛార్జింగు బోర్డు ఉంది. పన్నెండేళ్ళ వయసులో సరిగ్గా అక్కడే కింద కూర్చుని, అట్ట మీద కాలు బొమ్మ ఉన్న పలుచటి ఆరోగ్య పుస్తకాన్ని నా నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. ఆ కాలికి పుండు, పుండులోంచి దారంలాంటి పురుగు, ఆ పురుగును చుట్టిన చీపురు పుల్ల. దాన్ని మా దగ్గర నారి అనేవారు. నీళ్ళతో పాటు కడుపులోకి పోయి, ఏడాది తర్వాత కాలిలోంచి బయటికి వచ్చేది. ఒకేసారి లాగితే తెగిపోతుంది కాబట్టి రోజుకు ఇంత చొప్పున పుల్లకు చుట్టేవారు. మా అవ్వ ఎడమకాలి మీద దాని మచ్చ ఉండేది, బొటనవేలు పట్టేంత గుంట. నేను దాంట్లో వేలు పెట్టి చూసేవాణ్ణి.

మా ఇంట్లో పొద్దు పొడవకముందే మొదలయ్యేది నీళ్ళ పని. అమ్మా బాపూ గంజులో, అంటే ధాన్యం మార్కెట్లో, బస్తాల పనికి పోయేవారు. ఇల్లు అవ్వ చేతిలో ఉండేది. అవ్వ ఇత్తడి బిందె చంకన పెట్టుకొని గుట్ట కింది మంచినీళ్ళ బాయికి పోయేది. వెనక ఐదేళ్ళ యాదమ్మ చిన్న చెంబుతో నడిచేది. ఆ బావికి మెట్లుండేవి. అందరూ మోకాళ్ళదాకా దిగి ముంచుకునేవారు. అవ్వ ముందు అరచేత్తో నీళ్ళమీద మూడుసార్లు కొట్టి నాచును అవతలికి పంపేది. తర్వాత పాతచీర గుడ్డను నాలుగు మడతలు పెట్టి బిందె మూతికి కట్టి, చెంబుతో నిదానంగా పోసేది. ఎంత ఆలస్యమైనా, వెనక ఎందరు తిట్టినా, ఆ చేయి తొందరపడేది కాదు. ఇంటికి వచ్చాక నీళ్ళు మట్టి రంజనులోకి పోసి, గుడ్డ ఉతికి, దానికంటూ కట్టిన తాడు మీద ఆరేసేది. ఆ గుడ్డతో ఎవరైనా చేతులు తుడుచుకుంటే ఇల్లు లేపేది. “ఎందుకే అవ్వా గీ చాదస్తం?” అంటే, “మా అత్త కట్టింది, నేను కడుతున్న” అనేది. అంతకు మించి జవాబు ఆమె దగ్గర లేదు. కారణం చెప్పలేని మాటను నేను ఆ వయసులో లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు.

నేను ఆ ఆరోగ్య పుస్తకం ఎక్కించుకున్న ఎండాకాలమే మా వాడ మొదట్లో బోరింగు పడింది. లారీ మీద పెద్ద మిషన్ వచ్చింది. రెండు రోజులు నేల దద్దరిల్లింది, ఇళ్ళన్నీ బూడిదరంగు దుమ్ముతో నిండిపోయాయి. మూడోనాడు పిడి కొడితే ధారగా నీళ్ళు పడ్డాయి. అద్దంలా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి, కొంచెం ఇనుము వాసన వేశాయి. ఆడవాళ్ళు బట్టలకూ గిన్నెలకూ వాడారు కానీ తాగడానికి వెనకాడారు. అప్పుడు నేను నోటుబుక్కు పట్టుకొని బోరింగు గద్దె ఎక్కాను. దిగుడు బావి నీరు ప్రమాదకరమని, గొట్టపు బావి నీరే త్రాగవలెనని పుస్తకంలో ఉందని చదివి వినిపించాను. గొట్టపు బావి అంటే బోరింగేనని విడమర్చి చెప్పాను. నారి పడ్డ కాలి బొమ్మ చూపించాను. మా వాడలో నారి పడని ఇల్లు లేదు. ఆడవాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకొని విన్నారు. ఆ రోజు నుంచి “పిలగాడు బుక్కుల చదివిండట” అనేది వాడంతా తిరిగింది. నా జీవితంలో అంతమంది నా మాట విన్నది అదే మొదలు. అదే చివర.

అవ్వ వినలేదు. “ఏం పంతులూ, గీ నీళ్ళల్ల పప్పు ఎందుకు ఉడుకుతలేదో గది గూడ చదివినవా?” అంది.

“పప్పుకూ తాగే నీళ్ళకూ ఏం సంబంధమే?”

“కందిపప్పునే మెత్తగ జేయని నీళ్ళు, బొక్కలను ఏం జేస్తయో.”

నీళ్ళు ఎముకలను ఏం చేస్తాయని నేను నవ్వాను. యాదమ్మ కూడా నాతో పాటు నవ్వింది. ఆమెకు నేను ఏది చేస్తే అది చేయాలి. మరునాటి నుంచి అవ్వ వెనక బావికి పోవడం మానేసి బోరింగు పిడికి వేలాడేది. ఆమె బరువుకు పిడి సగమే దిగేది. కిర్రుమని లేచి టక్కున ఆగే ఆ చప్పుడు మా ఇంట్లోకి వినిపించేది. అవ్వ ఒక్కతే తన బిందె, తన గుడ్డ పట్టుకొని గుట్ట కిందికి పోయేది. కన్నుమూసేదాకా ఆ బావి నీళ్ళే తాగింది. డెబ్బై దాటినా నడుం వంగలేదు.

యాదమ్మకు అక్షరాలు నేర్పింది నేనే. మొదటి వాక్యంగా నేను పెట్టింది కూడా అదే: గొట్టపు బావి నీరే త్రాగవలెను. పది గీతలు గీసి పదిసార్లు రాయమన్నాను. ఆమె ‘తాగవలెను’ అని రాసేది. మనం తాగుడు అంటాం, త్రాగుడు అనం కదా. ‘త’కు క్రావడి పెట్టలేదని చెరిపించి మళ్ళీ మళ్ళీ రాయించాను. క్రావడి వచ్చేదాకా వదల్లేదు.

యాదమ్మకు పాలపళ్ళు ఊడి వచ్చిన కొత్త పళ్ళ మీద ముందు సుద్దలాంటి మచ్చలు, తర్వాత పసుపు గీతలు వచ్చాయి. పదేళ్ళు నిండేసరికి మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోసాగాయి. లంగాలన్నీ మోకాళ్ళ దగ్గరే చిరిగేవి. అమ్మ అక్కడే అతుకు వేసేది, అతుకు మీద మళ్ళీ అతుకు. వాడలో ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లలు అలాగే నడిచేవారు. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, తిండి లేకన్నారు. అప్పటికి మా వాడలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, నిజంగానే తెలియదు. పందొమ్మిదేళ్ళకు పనికోసం షోలాపూర్ వెళ్ళాను. కొన్నేళ్ళకు యాదమ్మ దగ్గర నుంచి కార్డు వచ్చింది: “అన్నా, ఎవరో వచ్చి నీళ్ళు సీసాలో పట్టుకపోయిండ్రు. బోరింగుకు ఎర్రరంగు వేసిండ్రు. ఎందుకో నువ్వు చదివి చెప్పు.” షోలాపూర్‌లో కూడా ఒక మంచి గ్రంథాలయం ఉంది. నాలుగు ఆదివారాలు అక్కడ కూర్చుని చదివాను. ఎర్రరంగు వేశారంటే ఆ నీళ్ళు తాగకూడదని తెలిసింది. నేల లోతున రాళ్ళలో ఉండే ఫ్లోరైడ్ గురించి, అది ఎముకలను ఏం చేస్తుందో, ఎనిమిదేళ్ళలోపు పిల్లల పళ్ళను ఏం చేస్తుందో చదివాను. ఆ నీళ్ళు వచ్చేనాటికి నా పళ్ళు వచ్చేసి ఉన్నాయి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే తెల్లగా, వరుసగా ఉన్నాయి. ఆ తర్వాత నేను నోరు తెరిచి నవ్వడం తగ్గించాను. అచ్చాఫీసులో ట్రెడిల్ మిషన్ కిర్రుమని లేచి టక్కున దిగినప్పుడల్లా, ఒక ఐదేళ్ళ పిల్ల పిడికి వేలాడుతున్నట్టే ఉండేది. యాదమ్మ కార్డుకు జవాబు రాశాను. పండుగ గురించి, షోలాపూర్ ఎండల గురించి, బాపు దగ్గు గురించి రాశాను. ఎర్రరంగు గురించి రాయలేదు.

ఇవన్నీ నెమరేసుకుంటూ మా వాడకు చేరేసరికి మధ్యాహ్నమయింది. బోరింగు ఉన్న చోట సిమెంటు రోడ్డు మీద గుండ్రటి మాసిక ఒకటి కనిపించింది, అంతే. దాని పక్కన చెప్పుల దుకాణం బోర్డు మీద ‘బోరింగు దగ్గర, సాలెవాడ’ అని ఉంది. బడి నుంచి వస్తున్న ఇద్దరు ఆడపిల్లలు ఆ మాసిక మీదుగా గెంతుతూ పోయారు. వాళ్ళ మోకాళ్ళకేసి చూశాను. చక్కగా ఉన్నాయి. పరాయి పిల్లల మోకాళ్ళకేసి అలా చూస్తున్న ముసలివాణ్ణి చూసి చెప్పుల దుకాణం ఆమె, “ఎవరు గావాలె?” అని గట్టిగానే అడిగింది.

“యాదమ్మ అన్నను” అన్నాను.

“షోలాపురం సారా? యాదమ్మకు అక్షరం అక్షరం నేర్పిన అన్నవంట గద” అంది. నాకు అంటగట్టిన ఆ పేరు మోసుకుంటూ ఇంట్లోకి అడుగుపెట్టాను.

యాదమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. కాళ్ళతో తొక్కలేదు కాబట్టి మిషన్‌కు మోటరు పెట్టించుకుంది. జాకెట్లు కుడుతుంది. పెళ్ళి మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. లేవడానికి గోడ పట్టుకోబోతే వద్దన్నాను. “తిన్నవా? మొకం గట్ల పీక్కపోయిందేంది? షోలాపురంల అన్నం దొరకదా?” అంది. పెరట్లో నల్లాకు తెల్లటి గుడ్డ కట్టి ఉంది. ఇప్పుడు రోజు విడిచి రోజు కృష్ణ నీళ్ళు వస్తున్నాయట. పప్పు రెండు విజిళ్ళకే ఉడుకుతుందట.

“శుభ్రం జేసిన నీళ్ళకు గుడ్డెందుకే?”

“అవ్వ కట్టమన్నది.”

“అవ్వ పోయి ఎన్నేండ్లాయె?”

“అవ్వ పోతే మాట గూడ పోతదా?” అని మళ్ళీ మిషన్ వైపు తిరిగింది.

సందుగ ముందటి గదిలో ఉంది. మూత తెరిస్తే తుప్పు వాసన, ఎలుకల వాసన. ఒక నిక్కరు, అరిగిన పలక ముక్క, దాని కింద నోటుబుక్కు. దాన్ని తెచ్చుకొని యాదమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. పన్నెండేళ్ళ నా దస్తూరి ముచ్చటగా ఉంది. పుస్తకంలోని పేజీని అక్షరం పొల్లుపోకుండా దించాను. గొట్టపు బావి నీరే త్రాగవలెను అన్న వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశాను. ఆ గీత కింద ఇంకో వాక్యం ఉంది. అది కూడా నా చేతిరాతే. ‘గొట్టపు బావి లేనిచోట నీటిని నాలుగు మడతల బట్టతో వడగట్టి త్రాగినను ఈ పురుగు సోకదు.’

ఎన్నిసార్లు చదివానో తెలియదు. నా చేత్తో రాసుకున్నాను, నా నోటితో వాడకు చదివి వినిపించాను. ఎర్రగీత దగ్గర ఆగిపోయాను. అవ్వ గుడ్డకు కారణం ఆ పేజీలోనే ఉంది. ఆమె అత్తకు తెలియకుండానే తెలిసిన కారణం. ఆ ఒక్క వాక్యం చదివి ఉంటే అవ్వను నవ్వేవాణ్ణి కాదు. యాదమ్మ చెంబు పట్టుకొని ఆమె వెనకే పోయేది.

“ఏమున్నది అండ్ల?” అంది యాదమ్మ. మిషన్ ఆపేసింది.

చదివి వినిపించాను. రెండు వాక్యాలూ. ఆ తర్వాత, “యాదీ, నీ కాళ్ళు...” అని ఆగిపోయాను.

ఆమె దారం కొరికి పక్కన పెట్టింది. “ఎర్రరంగు ఏసినోళ్ళే జెప్పిండ్రు అన్నా, గీ నీళ్ళతోనే కాళ్ళు వంగుతయని. వాడంత ఇన్నది.”

“మరి కార్డు ఎందుకు రాసినవు? ఎందుకో చదివి చెప్పుమని?”

“నువ్వు చెప్తవని.”

ఆమె నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకొని పేజీ తిప్పింది. వంకరటింకర అక్షరాలతో ఏడు గీతల నిండా ఆమె వాక్యం. చివరి మూడు గీతలు ఖాళీ. “నేను నిద్రవోతే నెత్తి మీద మొట్టినవు. యాదికున్నదా?” అంది. జాకెట్ కొలతలు రాసుకునే పెన్ను నా ముందుకు జరిపింది. “మూడు మిగిలినయి. నువ్వు రాయి.”

“ఏం రాయాలె?”

“గా కార్డుకు జవాబు.”

ఎనిమిదో గీత మీద రాశాను: ఆ నీరు త్రాగమని నేనే చెప్పాను. ఆమె పుస్తకం దూరంగా పట్టుకొని ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివింది. “త్రాగమని,” అంది. “గీ క్రావడి నీకు ఇంక పోలేదు పంతులూ. ఎవలో బయటోళ్ళు జెప్పినట్టున్నది. మనింట్ల మాట రాయి.”

నలభై ఏళ్ళు ఊరి మాటను పుస్తకాల మాటగా దిద్ది బతికిన చెయ్యి నాది. తొమ్మిదో గీత మీద రాశాను: ఆ నీళ్ళు తాగుమని నేనే చెప్పిన. ఆమె చదువుకుంది. ఈసారి కూడబలుక్కోలేదు. తర్వాత పెన్ను నా చేతిలోంచి తీసుకొని, పదో గీత మీద ఐదేళ్ళప్పటి లాగే నాలుక పళ్ళ మధ్య పెట్టుకొని, ఆమే రాసింది: అన్న చెప్పిండు. తాగిన.

అది మాఫీనా, తప్పు నా మీద ఉంచడమా, నాకు ఇప్పటికీ తెలియదు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ రెండు ముక్కలు చదవడం నాకు రాలేదు. ఆమె మొహం చూసి తెలుసుకుందామంటే అప్పటికే మిషన్ వైపు తిరిగింది. పెరట్లో నల్లా బుసకొట్టింది. నీళ్ళు రాబోయే ముందు గాలి వస్తుంది.

“కొత్త గుడ్డ తాడు మీద ఉన్నది. పాతది ఇప్పి గది కట్టు” అంది తల తిప్పకుండానే.

వెళ్ళాను. గుడ్డ ఎండకు గట్టిపడి ఉంది. మడతపెట్టి నల్లా మూతికి చుట్టి, దారం రెండుసార్లు తిప్పి ముడి వేశాను. నీళ్ళు గుడ్డను ఉబ్బించి, ఒక క్షణం ఆగి, సన్నగా బిందెలోకి దిగాయి. లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

“ఎన్ని మడతలు పెట్టినవు?” అని అడిగింది యాదమ్మ.

ముడి విప్పి, లెక్కపెట్టి, మళ్ళీ కట్టాను. “నాలుగు” అన్నాను.